ఎక్స్‌రేలో కనపడని దెబ్బ

ఆమె పేరు ఏదైనా కావచ్చు. ఈ పాఠంలో ఆమెను మల్లమ్మ అందాం. పల్నాడులో మిరపకాయ కోతలకు వెళ్ళే కూలీలలో ఇలాంటి మల్లమ్మలు చాలామంది ఉన్నారు.

ఫిబ్రవరి నెల. కోతలు జోరుగా సాగుతున్నాయి. తెల్లవారక ముందే ఆటో వచ్చి రామాలయం దగ్గర ఆగేది. ముగ్గురు కూర్చునే సీటులో ఐదుగురు కూర్చునేవారు. డ్రైవరు పక్కన ఇద్దరు. వెనక చెక్క మీద ఇంకో ఇద్దరు. అన్నం క్యారియర్లు ఒళ్ళో పెట్టుకొని కబుర్లు చెప్పుకుంటూ పోయేవారు.

ఒకరోజు సాయంత్రం కోత ముగించుకొని తిరిగి వస్తున్నారు. ఊరి బయట స్పీడు బ్రేకరు ఉంది. అక్కడ ఆటో నెమ్మదించింది. వెనకే వస్తున్న పాల వ్యాను ఆగలేదు. వచ్చి ఆటోను గుద్దింది.

చెక్క మీద కూర్చున్న ఒకామెకు చెయ్యి విరిగింది. ఇంకొకామెకు నుదురు చిట్లి రక్తం కారింది. మల్లమ్మ మధ్య సీటులో ఉంది. ఆమె తల ఒక్కసారిగా వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు వచ్చింది. అంతే. ఒంటి మీద గీత కూడా పడలేదు.

ఎవరో 108కి ఫోను చేశారు. బండి వచ్చి దెబ్బలు తగిలిన ఇద్దరినీ తీసుకువెళ్ళింది. పోలీసు జవాను వచ్చి పేర్లు రాసుకున్నాడు.

"నీకేమైనా తగిలిందా అమ్మా?" అని మల్లమ్మను అడిగాడు.

"నాకేం కాలేదయ్యా" అంది మల్లమ్మ.

ఆమె అబద్ధం చెప్పలేదు. అప్పటికి నిజంగానే ఏ నొప్పీ లేదు. కానీ ఆ ఒక్క మాట వల్ల తర్వాత ఆమె చాలా తిప్పలు పడింది.

మరునాడు తెల్లవారి లేవబోయింది. మెడ కదలలేదు. కొయ్యలా బిగుసుకుపోయింది. పెడతల నుంచి పోటు మొదలై కణతల దాకా పాకుతోంది. ఒక చేత్తో తల పట్టుకొని మెల్లగా లేచింది. ఆమె అదృష్టం ఏమిటంటే, ఆశా వర్కరు పక్క ఇంట్లోనే ఉంటుంది. ఆ పిల్ల ఊరుకోలేదు. బలవంతంగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. అక్కడ చీటీ రాసి మాత్రలు ఇచ్చారు. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీయించారు.

"ఎముకలు బాగానే ఉన్నాయి. ఏమీ లేదు. ఇంటికి వెళ్ళు" అన్నారు.

అసలు మెడలో ఏం జరిగింది?

మన తల బరువు సుమారు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు ఉంటుంది. పెద్ద గుమ్మడికాయ అంత బరువు. దానిని మోసేవి మెడలో ఉండే 7 పూసలు. పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండు లాంటిది ఉంటుంది. వెనక వైపు రెండు పక్కలా చిన్న చిన్న కీళ్ళు ఉంటాయి. పూసలను గట్టిగా పట్టి ఉంచే పట్టీలు ఉంటాయి. చుట్టూ కండరాలు ఉంటాయి. మధ్యలో నుంచి నరాలు చేతులకు దిగుతాయి.

బస్సు ఆగి ఉంది అనుకోండి. మీరు నిలబడి ఉన్నారు. డ్రైవరు ఒక్కసారిగా బండి కదిలిస్తే ఏమవుతుంది? వెనక్కి తూలతారు. కాళ్ళు బస్సుతో పాటు ముందుకు పోతాయి. పై ఒళ్ళు ఉన్నచోటనే ఉండిపోతుంది. ఆటోలో మల్లమ్మకు జరిగింది కూడా ఇదే. వెనక నుంచి గుద్దగానే సీటు ఆమె వీపును ముందుకు తోసింది. తల మాత్రం వెనకబడింది. మధ్యలో మెడ పాములా మెలిక తిరిగింది. ఆ తర్వాత తల విసురుగా ముందుకు వచ్చింది. మెడ మెలిక తిరగడానికి పట్టేది సెకనులో పదో వంతు. మనం ఒళ్ళు బిగబట్టి కాచుకునేలోపే జరగవలసింది జరిగిపోతుంది.

ఎద్దుల మీద చెర్నాకోల ఝళిపించడం చూసే ఉంటారు. పిడి దగ్గర చెయ్యి కొంచెమే కదులుతుంది. కొస మాత్రం ఎంత విసురుగా పోతుంది! అందుకే ఇంగ్లీషు డాక్టర్లు ఈ దెబ్బకు విప్‌లాష్ అని పేరు పెట్టారు. అంటే కొరడా దెబ్బ. 1928లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో పట్టణంలో హెరాల్డ్ క్రో అనే ఎముకల డాక్టరు ఈ మాటను మొదటిసారి వాడాడు.

కార్ల సీట్లకు తల వెనక ఒక చిన్న దిండు ఉంటుంది. అది కునుకు తీయడానికి పెట్టింది కాదు. తల వెనక్కి విరగకుండా ఆపడానికి పెట్టింది. దాని పై అంచు తల పైభాగం ఎత్తుకు రావాలి. మెడ దగ్గరే ఉంటే ఉపయోగం లేదు. మన ఆటోలకు ఆ దిండు ఎక్కడిది? వీపు సగం దాకా రేకు, దాని మీద ఒక రెక్సిను గుడ్డ. అంతే.

ఇలాంటి దెబ్బ తగిలిన వాళ్ళలో చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తగ్గేదంతా ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే తగ్గుతుంది. కొందరికి మూడు నెలలు దాటినా వదలదు. అప్పుడు దానిని దీర్ఘకాలపు నొప్పి అంటారు. ఏడాది తర్వాత కూడా సుమారు సగం మంది మెడలో ఎంతో కొంత బాధ ఉందని చెబుతున్నారు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు ఇది కొంచెం ఎక్కువగా వస్తుంది.

మల్లమ్మకు మార్చి పోయింది. ఏప్రిల్ పోయింది. నొప్పి పోలేదు.

బిందె నెత్తికి ఎత్తుకుంటే వీపు రెక్కల మధ్య సూదులు గుచ్చినట్టు ఉండేది. పొయ్యి ఊదితే తల తిరిగేది. రాత్రి ఏ పక్కకు తిరిగినా మెలకువ వచ్చేది. పగలు ఒళ్ళంతా నీరసం. కూరలో ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు రుచి చూసుకునేది. పిల్లలు గట్టిగా అరిస్తే భరించలేకపోయేది. ఆటో ఎక్కాలంటే కాళ్ళు వణికేవి.

"మా కాలంలో ఇన్ని మెడనొప్పులు లేవే తల్లీ! ఫోటోలో ఏమీ లేదన్నారు కదా. ఇంకా ఏమిటి నీ మూలుగు?" అనేది అత్త.

"కూలికి పోవడం ఇష్టం లేక చెబుతుంది" అన్నాడు భర్త. ఆమెతో కాదు. అరుగు మీద కూర్చొని ఇంకొకరితో అన్నాడు. ఆమె లోపల నుంచి విన్నది.

ఆరెంపీ డాక్టరు వారానికి రెండు సూదులు వేశాడు. సూది వేసిన రోజు కొంచెం నయం. మరునాడు మళ్ళీ మామూలే. నొప్పి బిళ్ళలు రోజూ మింగింది. కడుపులో మంట మొదలైంది. ఆ బిళ్ళలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు. కిడ్నీలు కూడా చెడిపోవచ్చు. అమ్మలక్కలు "మంగలి దగ్గర మెడ విరిపించుకో, టక్కున వదిలిపోతుంది" అన్నారు. మల్లమ్మ భయపడి వెళ్ళలేదు. మంచి పని చేసింది. దెబ్బ తగిలిన మెడను ఎవరు విరిచినా ప్రమాదమే. లోపల రక్తనాళం చిరిగితే పక్షవాతం కూడా రావచ్చు.

జులైలో ఆశా వర్కరు మళ్ళీ బయలుదేరదీసింది. ఈసారి జిల్లా ఆసుపత్రికి. భర్త కూడా వెంట వచ్చాడు. "ఆ డాక్టరు కూడా ఏమీ లేదంటే ఇంక నోరెత్తవద్దు" అని దారిలో షరతు పెట్టాడు.

డాక్టరమ్మ వయసులో పెద్దది. మల్లమ్మ బల్ల మీద కూర్చుంది. ఇంతలో వెనక నుంచి నర్సు "మల్లమ్మా!" అని పిలిచింది. మల్లమ్మ మెడ తిప్పలేదు. నడుముతో సహా ఒళ్ళంతా తిప్పి చూసింది.

"చూశావా?" అంది డాక్టరమ్మ భర్తతో. "నటించే మనిషి పరీక్ష చేసేటప్పుడు నటిస్తుంది. పిలిస్తే పలికేటప్పుడు ఎవరూ నటించరు. ఇదే మొదటి గుర్తు."

తర్వాత పరీక్ష మొదలైంది. అరగంట పట్టింది. ఆ అరగంటలో ఒక్క మిషనూ వాడలేదు.

"గడ్డం భుజం వైపు తిప్పమ్మా" అంది. ఎడమ పక్కకు గడ్డం దాదాపు భుజం దాకా పోయింది. కుడి పక్కకు సగం కూడా పోలేదు. అక్కడే ఆగి మల్లమ్మ కళ్ళు మూసుకుంది. పైకి చూడమంటే ఇంటి కప్పు దాకా చూపు పోలేదు.

డాక్టరమ్మ వెనక నిలబడి పూసల పక్కన ఒక్కొక్క చోట వేలితో నొక్కింది. తల కింద రెండో పూస దగ్గర, ఇంకా దిగువన ఒక చోట మల్లమ్మ ఉలిక్కిపడింది. డాక్టరమ్మ వేలు తీసి కొంతసేపు మాట్లాడి, మళ్ళీ చెప్పకుండా అక్కడే నొక్కింది. మళ్ళీ అక్కడే ఉలిక్కిపడింది. మెడ నుంచి భుజానికి దిగే కండ కర్రలా ఉంది.

చల్లని ఇనుప గరిట లాంటిది మెడకు ఆనించింది. మామూలుగా అయితే చల్లగా అనిపిస్తుంది, అంతే. మల్లమ్మకు నొప్పి పుట్టింది. దూదితో రాసినా మంటగా ఉందని చెప్పింది. భర్తకు ఇది వింతగా తోచింది.

"దూది తగిలితే నొప్పి ఏమిటమ్మా?" అన్నాడు.

"మీ ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ. "ఒకరోజు దొంగ వచ్చాడు. కుక్క మొరిగింది. దొంగ పోయాడు. ఆ తర్వాత ఆకు రాలినా అది మొరుగుతూనే ఉంటుంది. ఈమె నరాలు కూడా అలాగే ఉన్నాయి. దెబ్బ తగిలి అయిదు నెలలైంది. కాపలా మాత్రం దిగలేదు. కుక్క మొరగడం అబద్ధం కాదు కదా! నొప్పి కూడా అంతే."

వేలు ఒకటి చూపించి, తల కదపకుండా కళ్ళతోనే దాని వెంట చూడమంది. మెడ పక్కకు ఉన్నప్పుడు అలా చూస్తే మల్లమ్మకు కళ్ళు తిరిగాయి. తల ఎటు ఉందో మెదడుకు చెప్పే పని మెడది కూడా. కళ్ళు ఒకటి చెప్పి మెడ ఒకటి చెబితే మెదడు తికమక పడుతుంది. తల తిరిగినట్టు ఉంటుంది. మల్లమ్మ ఇన్నాళ్ళూ దానిని రక్తం లేక వచ్చిన తిప్పు అనుకుంది. కొందరికి దవడ నొప్పి, చెవిలో హోరు కూడా ఉంటాయి. ఆమెకు అవి లేవు.

చివరికి చిన్న రబ్బరు సుత్తితో మోచేతుల దగ్గర తట్టింది. రెండు చేతులూ ఒకేలా ఎగిరాయి. తన వేళ్ళు ఇచ్చి గట్టిగా పిండమంది. రెండు చేతుల్లో బలం సమానంగా ఉంది. వేళ్ళలో తిమ్మిరి లేదు. అంటే నరం నలగలేదు. ఇది మంచి గుర్తు.

1995లో కెనడా దేశంలోని క్యుబెక్‌లో డాక్టర్లు, పరిశోధకులు కలిసి ఈ దెబ్బను మెట్లుగా విడదీశారు. నొప్పి, బిగువు ఉండి, పరీక్షలో వేరే గుర్తులు లేకపోతే ఒకటో మెట్టు. మెడ సరిగా తిరగకపోవడం, నొక్కితే నొప్పి ఉండటం వంటి గుర్తులుంటే రెండో మెట్టు. చేతిలో బలం తగ్గి, స్పర్శ పోయి, సుత్తి తట్టినా చెయ్యి ఎగరకపోతే మూడో మెట్టు. ఎముక విరిగితే, లేదా పూస తొలిగితే నాలుగో మెట్టు. మల్లమ్మది రెండో మెట్టు అని డాక్టరమ్మ చీటీలో రాసింది.

"మరి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా!" అన్నాడు భర్త.

"ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది. కండ కనపడదు. కీలు చుట్టూ ఉన్న పట్టీ కనపడదు. నొప్పి అసలే కనపడదు" అంది డాక్టరమ్మ. "ఎముక విరగలేదని ఎక్స్‌రే చెప్పింది. ఈమెకు ఏమీ లేదని చెప్పలేదు."

ఆ మాట పుస్తకాల్లో కూడా ఉంది. 1990ల నడుమ ఆస్ట్రేలియాలో డాక్టర్లు ఇలా నెలల తరబడి బాధపడుతున్న వాళ్ళను పరీక్షించారు. మెడ వెనక ఉండే ఆ చిన్న కీళ్ళకు పోయే సన్నని నరాలకు మత్తు సూది వేసి చూశారు. సుమారు సగం మందికి నొప్పి ఆగింది. అంటే వాళ్ళకు నొప్పి ఆ కీళ్ళ నుంచే వస్తోంది. ఫోటోల్లో మాత్రం ఆ కీళ్ళు బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

భర్త ఇంకేమీ మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకు ఇచ్చాడు.

డాక్టరమ్మ మెడకు పట్టీ ఇవ్వలేదు. వారాల తరబడి పట్టీ కట్టుకుంటే కండలు బలహీనపడతాయి. మంచం మీద పడుకోవద్దని కూడా చెప్పింది. ఫిజియోథెరపీ గదిలో చిన్న కసరత్తులు నేర్పారు. వెల్లకిలా పడుకొని 'అవును' అన్నట్టు గడ్డం కొంచెంగా లోపలికి వంచడం. భుజాలు వెనక్కి లాగి వదలడం. నొప్పి పెరగనంత వరకు మెడ అటూ ఇటూ మెల్లగా తిప్పడం. రోజూ కొంత నడక. గోరువెచ్చని గుడ్డ కాపడం. ఎత్తైన దిండు తీసెయ్యడం.

నెత్తి మీద బిందె మాత్రం కొన్నాళ్ళు వద్దంది. పదిహేను లీటర్ల నీళ్ళంటే పదిహేను కిలోలు. తల బరువుకు మూడింతలు. ఇప్పుడు భర్త సైకిలుకు రెండు క్యాన్లు కట్టి తెస్తున్నాడు. అత్తకు అది నచ్చలేదు. అది వేరే సంగతి.

"కోతలో అరగంటకు ఒకసారి నడుము నిలబెట్టి మెడ తిప్పుకో" అని కూడా చెప్పింది. చెప్పడం తేలికే. సాలు వెనకబడితే మేస్త్రి ఊరుకుంటాడా? ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి నిలబడితే మేస్త్రి కూడా ఏమీ అనలేడని జట్టులోని ఆడవాళ్ళు కనిపెట్టారు. మెడ దెబ్బ లేని వాళ్ళకు కూడా నడుము నొప్పి ఉంది మరి.

కొన్ని గుర్తులు ఉంటే ఇంట్లో కూర్చోకూడదు. చేతులు గానీ కాళ్ళు గానీ బలం తగ్గడం, నడిస్తే తూలడం, ఒంటేలు గానీ విరేచనం గానీ తెలియకుండా పోవడం, తలనొప్పి రోజురోజుకూ పెరిగి వాంతులు కావడం, ఒకటి రెండుగా కనపడటం. వీటిలో ఏది కనపడినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ప్రమాదం జరిగిన చోట మెడ నొప్పి అన్న మనిషిని లేపి కూర్చోబెట్టకూడదు. ప్రాణానికి వేరే అపాయం లేకపోతే కదపకుండా ఉంచి 108 పిలవాలి.

ఇక కాగితాల సంగతి.

మల్లమ్మకు అయిదు నెలల కూలి పోయింది. బండి గుద్ది దెబ్బ తగిలితే నష్టపరిహారం అడగవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం ఆ హక్కు ఇచ్చింది. దాని కోసం జిల్లాలో ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంటుంది. ఆ చట్టాన్ని 2019లో మార్చారు. ఆ మార్పు 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ప్రమాదం జరిగిన 6 నెలల లోపల దరఖాస్తు పెట్టాలని అందులో ఉంది. ఈ గడువు మీద కోర్టుల్లో వాదన జరిగింది. ఆ వాదన ఎటు పోయినా 6 నెలల లోపలే పెట్టుకోవడం మేలు.

కానీ పోలీసు కాగితంలో దెబ్బ తగిలిన వాళ్ళ పేర్లు రెండే ఉన్నాయి. మల్లమ్మ పేరు లేదు. "నాకేం కాలేదయ్యా" అన్నది కదా! ఆటోలో ఆమె ఉన్నట్టు, మరునాడే నొప్పి వచ్చినట్టు ఇప్పుడు ఎవరు చెబుతారు?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చీటీ చెప్పింది. ప్రమాదం జరిగిన మరునాటి తారీఖు దాని మీద ఉంది. 'ఆటో ప్రమాదం, మెడ నొప్పి' అని అక్కడి డాక్టరు రాశాడు. మల్లమ్మ ఆ చీటీని పారెయ్యలేదు. రేషను కార్డు కవరులో పెట్టి పెట్టె అడుగున దాచింది. ఎక్స్‌రే ఫిల్ము మాత్రం పిల్లలు సూర్యగ్రహణం చూడటానికి తీసి ఎక్కడో పడేశారు. (ఎక్స్‌రే ఫిల్ములో నుంచి సూర్యుణ్ణి చూడకూడదు. కళ్ళు పోతాయి.) దాని రిపోర్టు కాగితం దొరికింది.

జిల్లా న్యాయ సేవల సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. ఇది 1987 చట్టంలో ఉంది. మల్లమ్మ దరఖాస్తు ఆగస్టు మొదటి వారంలో పడింది. వకీలమ్మ ఒక మాట అడిగింది. "నొప్పి ఎప్పుడెప్పుడు ఎలా ఉందో ఏమైనా రాసి పెట్టావా?"

రాసి పెట్టింది. జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మే జులైలో ఆ పని చెప్పింది. రాత్రి బడిలో మిగిలిపోయిన నాలుగు గీతల కాపీలో మల్లమ్మ రాసుకుంటూ వచ్చింది. ఒత్తులు కొన్ని తప్పుపోయాయి. ఇక్కడ సరిచేసి ఇస్తున్నాము.

'జులై 19. పెడతల పోటు. మూడుసార్లు మెలకువ. కూలికి పోలేదు.'

'జులై 27. కసరత్తు చేశాను. సాయంత్రం నొప్పి పెరిగింది. భయం వేసింది. మళ్ళీ చేశాను.'

'ఆగస్టు 14. బట్టలు ఉతికాను. తల తిరగలేదు.'

'సెప్టెంబరు 3. పొద్దున నుంచి భుజం గుంజుడు. బిళ్ళ వేసుకోలేదు. కాపడం పెట్టాను.'

'అక్టోబరు 22. ఆటో ఎక్కాను. కళ్ళు మూసుకొని కూర్చున్నాను.'

'డిసెంబరు 9. రాత్రి ఒక్కసారే మెలకువ.'

కేసు ఇంకా నడుస్తోంది. రెండు వాయిదాలు పడ్డాయి. నొప్పి పూర్తిగా పోలేదు. చలిరోజుల్లో మెడ ఇప్పటికీ పట్టేస్తుంది. మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. మల్లమ్మ వారానికి మూడు రోజులు కోతకు వెళుతోంది. వెనక చెక్క ఉన్న ఆటో ఎక్కదు. స్పీడు బ్రేకరు దగ్గర దిగి రోడ్డు దాటి ఊళ్ళోకి నడుస్తుంది.

కాపీలో చివరి పేజీ ఇది.

'ఫిబ్రవరి 12. రోడ్డు దాటేటప్పుడు కుడి పక్కకు మెడ తిప్పి చూశాను. దూరంగా లారీ కనపడింది. ఆగాను.'